‘వాయిదా వేయడమైనది’

విశాఖపట్నం మల్కాపురంలో మా చర్చి సంఘానికి యాభై ఏళ్లు నిండాయని సావనీరు వేయాలనుకున్నారు. చరిత్ర రాసే పని నా మీద పడింది. నేనేదో రచయిత్రినని కాదు. పోర్టులో లెక్కల సెక్షన్లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను, ఖాళీగా ఉన్నాను, తెలుగు టైపింగ్ వచ్చు. "మూడు పేజీలు చాలు తల్లీ. మొదటి అయ్యగారి నుంచి ఇప్పటి అయ్యగారి దాకా ఫొటోలు, శంకుస్థాపన, ప్రతిష్ఠ, కొత్త స్లాబు. మరేం అక్కర్లేదు" అన్నారు కమిటీవాళ్లు. అయ్యగారంటే మా పాస్టరు.

పదిహేడు పేజీలు రాసిచ్చాను. అచ్చులో ఒక పేజీ వచ్చింది. అందులోనూ సగం శంకుస్థాపన ఫొటోయే.

కోపం వచ్చిన మాట నిజం. అది చల్లారాలనే నాలుగు నెలలు ఆగి ఇప్పుడు రాస్తున్నాను. నేననేది ఒక్కటే: సంఘ చరిత్ర రాసేవాళ్లు సంఘంలో జరిగిన గొడవలు కూడా రాయాలి. అవి తీసేస్తే మిగిలేది పెళ్లి శుభలేఖ. పేర్లు, ముహూర్తం, వేదిక. ఏ సంఘానికైనా ఇదే మాట చెప్తాను గానీ, ప్రెస్బిటేరియన్ అని బోర్డు పెట్టుకున్న మాకు మరీ తప్పదు.

ఆ పేరు సంగతి ముందు చెప్పాలి. మల్కాపురంలో ఆటో ఎక్కి "ప్రెస్బిటేరియన్ చర్చి" అంటే డ్రైవరు మొహం తేలేస్తాడు. "ప్రెస్సు చర్చి" అంటే తిన్నగా తీసుకొచ్చి గేటు ముందు దింపుతాడు. ఇక్కడ ఎప్పుడో అచ్చు యంత్రం ఉండేదనుకుంటారు కాబోలు. అసలు సంగతేమిటంటే గ్రీకులో ప్రెస్బుటెరోస్ అంటే వయసులో పెద్దవాడు, సంఘంలో పెద్ద. మన తెలుగు బైబిల్లో "పెద్దలు" అన్న చోట మూలంలో ఉన్నది చాలాసార్లు ఆ మాటే. అంటే మా పేరుకి తెలుగు "పెద్దల సంఘం". పైన బిషప్పు ఉండడు. అయ్యగారు ఒక్కరే ఏదీ నిర్ణయించకూడదు. సంఘం ఎన్నుకున్న పెద్దలు, అయ్యగారు కలిసి కూర్చుంటారు, దాన్ని సెషన్ అంటారు. అక్కడ అనుకున్న ప్రతిదీ మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. ఆ పుస్తకం ఏటా పై సభకు వెళ్లాలి, వాళ్లు చదివి సంతకం పెట్టాలి. లెక్కల్లో బతికినదాన్ని కాబట్టి నాకు ఇది చాలా నచ్చుతుంది. భక్తికి ఆడిట్ పెట్టినవాళ్లు వీళ్లు. (సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వాళ్లు ప్రెస్బిటర్ అని అయ్యగారినే అంటారు. అందుకని మా వియ్యాలవారికీ మాకూ పెళ్లిచూపుల్లోనే ఓ పావుగంట గందరగోళం.)

మల్కాపురం వైపు మావాళ్లంతా పొట్ట చేత్తో పట్టుకొచ్చినవాళ్లే. సింధియా కంపెనీ 1941లో ఇక్కడ ఓడల కార్ఖానా మొదలుపెట్టింది. 1948లో "జల ఉష" నీళ్లలోకి దిగింది, నెహ్రూ వచ్చారు. 1957కి కాల్టెక్స్ రిఫైనరీ నడవడం మొదలైంది. వెల్డర్లు, ఫిట్టర్లు, కలాసీలు, వాళ్ల వెనకే కొట్లు పెట్టుకునేవాళ్లు. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు లూథరన్లు, బొబ్బిలి, శ్రీకాకుళం వైపువాళ్లు బాప్టిస్టులు, బందరు వైపువాళ్లు సీఎస్ఐ. మా నాన్న వెల్డరు. వాళ్లంతా ఒక అద్దె వాటాలో, ముందు గదిలో చాపలేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరి పద్ధతి పాటించాలో తేలలేదు. ప్రెస్బిటేరియన్ సెమినరీలో చదివొచ్చిన మొదటి అయ్యగారు "ఎవరి పద్ధతీ వద్దు, పెద్దల్ని ఎన్నుకుందాం, వాళ్లే తేలుస్తారు" అన్నారట. అలా వచ్చింది మా బోర్డు మీద పేరు. మొదటి తగువు తెగకపోవడం వల్ల పుట్టిన సంఘం మాది. ఈ వాక్యమే నా మొదటి పేజీలో ఉంది. కమిటీ దానికి పెట్టిన రాజీ వాక్యం: "దైవ చిత్తానుసారముగా స్థాపించబడినది."

దైవ చిత్తం కాదని నేనూ అనను. కాకపోతే వోచరు లేని ఎంట్రీ అది.

ఇక పాత సంగతులు. విశాఖపట్నంలో ఏ సంఘం సావనీరు తిరగేసినా 1805 కనిపిస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ ఏడు ఇక్కడికి వచ్చారు. తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్ పని మొదలైంది మన ఊళ్లోనే. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. ఆ కాస్త కాలంలోనే సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. అచ్చయిన ఆ మొదటి అనువాదంలో డెస్ గ్రాంజెస్ పక్కన కూర్చుని మాటకి మాట వెతికినవాడు ఆనందరాయర్, మరాఠీ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఓడ దిగిన ఏడాదిలో ఏ దొరకైనా తెలుగు ఎంత వస్తుందో మనకు తెలియనిదా. సావనీర్లలో మాత్రం దొరల బొమ్మలుంటాయి, ఆయన పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే "స్థానికుల సహాయముతో".

ఇంతకన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటుంది. ఆ సొసైటీ 1795లో పుట్టింది. పెట్టినవాళ్లలో ప్రెస్బిటేరియన్లున్నారు, కాంగ్రెగేషనల్ వాళ్లున్నారు, ఆంగ్లికన్లున్నారు. మరుసటి ఏడే ఒక నియమం రాసుకున్నారు: మేం ప్రెస్బిటేరియన్ పద్ధతి గానీ బిషప్పుల పద్ధతి గానీ మరో పద్ధతి గానీ పంపం, సువార్త మాత్రమే పంపుతాం, సంఘం ఎలా నడుపుకోవాలో అక్కడ నమ్మినవాళ్లే తేల్చుకోవాలి. మా అద్దె వాటాలో అయ్యగారు అన్న మాటకీ దీనికీ ఎంత దగ్గరో చూడండి. కానీ 1910 ప్రాంతంలో లండన్ మిషన్ విశాఖపట్నం పనిని కెనడా బాప్టిస్టులకు అప్పగించేసింది. సీబీఎం (కెనడియన్ బాప్టిస్ట్ మిషన్) అనే మూడక్షరాలు ఊళ్లో ఇప్పటికీ వినిపించేది అందుకే. లండన్ మిషన్ వాళ్లు పసిపిల్లలకి తల మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చేవాళ్లు. బాప్టిస్టులు ఎదిగినవాళ్లనే, అదీ ముంచి ఇస్తారు. అప్పగింత సంగతి సావనీర్లలో ఒక్క వాక్యం: "పిమ్మట కెనడా మిషన్ వారు బాధ్యత స్వీకరించిరి." చిన్నప్పుడు చల్లించుకున్న తాతకి ఇప్పుడు మునగాలా అక్కర్లేదా అన్న ప్రశ్న ఏ ఇంట్లోనూ రాకుండా ఉంటుందా? ఏ వంటింట్లోనూ ఒక ముసలామె "మరి నాకిచ్చింది చెల్లదా?" అని అడక్కుండా ఉంటుందా? మా సంఘంలోనైతే సరిగ్గా ఈ ప్రశ్న మీదే రెండేళ్లు కొట్టుకున్నారు. బొబ్బిలి వైపువాళ్లు పిల్లల్ని బాప్తిస్మానికి తీసుకురాలేదు. చివరికి ఎవరింట్లో ఎలా కావాలంటే అలా అని ఒప్పుకున్నారు. ఈ ఊరి సముద్రం ఉండనే ఉంది, మునిగేవాళ్లకి లోటేం లేదు.

ప్రెస్బిటేరియన్లకి గొడవ కొత్త కాదు. స్కాట్లాండులో 1560లో మొదలైంది వీళ్ల కథ. 1843 మే 18న ఎడింబరోలో జరిగిన మహాసభ నుంచి సభాధ్యక్షుడు వెల్ష్ వెనక డాక్టర్ చామర్స్, ఇంకా చాలామంది పాస్టర్లు లేచి బయటికి నడిచారు. ఆ చీలికలో మొత్తం నాలుగు వందల డెబ్భై మందికి పైగా పాత చర్చిని వదిలారు. ఊరి భూస్వామికి పాస్టర్ని నియమించే హక్కేమిటి, సంఘం వద్దన్నవాణ్ణి ఎలా రుద్దుతారు అన్నదే తగువు. జీతం, ఇల్లు, చర్చి అన్నీ వదులుకుని పోయారు. ఆ దెబ్బ ఇక్కడా తగిలింది. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ తాను కట్టించిన కాలేజీ భవనం వదిలేసి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. మద్రాసులో ఆండర్సన్ కూడా చీలినవాళ్ల వైపే. ఆయన 1837లో పెట్టిన బడే తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. ఈ తగువు రాయకుండా స్కాట్లాండు చర్చి చరిత్ర రాయగలరా ఎవరైనా?

మళ్లీ మల్కాపురం.

2014 అక్టోబరు 12న, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ రోజు ఆరాధన లేదు. చర్చి వెనక గది మీద సిమెంటు రేకులు లేచిపోయి బీరువాలోకి నీళ్లు పోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నాలుగో రోజుకి నేనూ మా ఆయనా వెళ్లి పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాం. పేజీకి పేజీకి మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి, వరండాలో తాడు కట్టి ఆరేశాను. ఇంటికొచ్చినవాళ్లు బట్టలారేసుకోవడానికి చోటు లేదా అని నవ్వారు. మొదటి పదేళ్ల మినిట్స్ సిరా పెన్నుతో రాసినవి. చాలా పేజీలు ఊరికే నీలం మబ్బులా మిగిలాయి, అక్కడక్కడ "తీర్మానించడమైనది", "వాయిదా వేయడమైనది" అని చివరి మాటలు మాత్రం తేలుతున్నాయి. బాల్ పెన్ను వచ్చిన తర్వాతి ఏళ్లు కాస్త నయం.

ఒక్క పుస్తకం మాత్రం చెక్కు చెదరలేదు. స్త్రీల సమాజం నోటు బుక్కు. అది పిల్లలు బడికి తీసుకెళ్లే రూళ్ల పుస్తకం. పెన్సిలుతో రాసింది. తడిసి ఉబ్బిందే గానీ ఒక్క అక్షరం పోలేదు. రాసింది మా మేనత్త, సమాజానికి పదకొండేళ్లు కార్యదర్శి. "పెన్సిలు ఎందుకత్తా?" అంటే, "పెన్ను కొంటే అదీ ఖర్చులో రాయాలి కదే. పిల్లలు పారేసిన ముక్కలు ఇంటి నిండా ఉండేవి" అంది.

ఆ పుస్తకం చదివాకే నా మూడు పేజీలు పదిహేడయ్యాయి.

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేవారు. మా అమ్మ చెయ్యి ఇప్పటికీ కళ్ల ముందుంది. పిడికిలి మూశాక నాలుగు గింజలు వేళ్ల సందుల్లోంచి జారితే వాటిని ఏరి మళ్లీ డబ్బాలోనే వేసేది, కుండలో కాదు. రెండో శనివారం సమాజం వాళ్లు ఇంటింటికీ తిరిగి తెచ్చి, కొలిచి, సంఘంలోనే అమ్మేవారు. ఇది మా ఒక్కరి పద్ధతే కాదు. నేవీలో పనిచేసే ఒక మిజో కుర్రాడు కొన్నాళ్లు మా ఆరాధనకి వచ్చేవాడు. వాళ్ల రాష్ట్రంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచీ ఇలాగే తీస్తున్నారనీ, దాన్ని బుహ్‌ఫై థామ్ అంటారనీ చెప్పాడు. ఆ పిడికెడు బియ్యంతోనే వాళ్ల చర్చి మిషన్ పని ఎంతో నడుస్తోంది.

మావాళ్లు రెండున్నరేళ్లు ఆ డబ్బు కూడబెట్టారు. హార్మోనియం కొనాలని. పెద్దలకేమో ప్రహరీ గోడ కావాలి, పందులు లోపలికి వస్తున్నాయని. రెండూ న్యాయమే. ఈ తగువు రెండు పుస్తకాల్లో ఎలా ఎక్కిందో చూడండి. సెషన్ మినిట్స్: "ప్రహరీ గోడ నిమిత్తము స్త్రీల సమాజము వారు సంతోషముతో ఇచ్చిన విరాళము స్వీకరించడమైనది. హార్మోనియము విషయము వాయిదా వేయడమైనది." అదే వారం నోటు బుక్కు: "డబ్బు పట్టుకెళ్లారు. అడగలేదు."

ఆ కింద ఏడు నెలలపాటు ప్రతి రెండో శనివారం తేదీ వేసి, పక్కన ఒకే మాట: "బియ్యం లేదు." ఏ ఇంట్లోనూ బియ్యం లేక కాదు. పిడికిలి తియ్యడం మానేశారు. ఉపన్యాసం లేదు, ధర్నా లేదు, ఒక్కరూ నోరెత్తలేదు. మినిట్స్‌లో దీనికి పెట్టిన పేరు: "స్త్రీల సమాజము కార్యక్రమములు మందగించినవి. అయ్యగారు వారిని హెచ్చరించవలెను." అయ్యగారు హెచ్చరించారో, అమ్మగారు ఆయన్నే హెచ్చరించారో గానీ ఎనిమిదో నెలలో హార్మోనియం కొనడానికి తీర్మానం అయింది. సావనీరులో ఆ హార్మోనియం రంగుల ఫొటో వేశారు. కింద "స్త్రీల సమాజము వారి కానుక". కొన్నది వాళ్ల డబ్బుతోనే, అబద్ధమని ఎలా అంటాను? కానీ ఆ ఏడు నెలలు తీసేశాక అది వట్టి కర్రపెట్టె. స్కాట్లాండు చర్చి 1966లోనే స్త్రీలని పెద్దలుగా ఒప్పుకుంది. మా దగ్గర మొదటి స్త్రీ పెద్ద సెషన్లో కూర్చున్నది హుద్‌హుద్ తర్వాత. ఏడు నెలలు మాట్లాడకుండా సంఘం మెడ వంచిన వాళ్లకి అప్పటిదాకా ఓటుంది గానీ కుర్చీ లేదు.

రెండో తగువు రాయడం నాకూ కష్టమైంది. పాత ప్రెస్బిటేరియన్లలో ఒక ఆచారం ఉండేది. ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి ముందు పెద్దలు ఇళ్లకి వెళ్లి విచారించి, తగినవాళ్లకి సీసపు బిళ్ల ఇచ్చేవారు. బిళ్ల ఉంటేనే బల్ల. మా దగ్గర కొన్నేళ్లు దాన్ని అట్ట చీటీగా చేశారు, రబ్బరు స్టాంపు వేసి. రెల్లి కులానికి చెందిన ఒక దళిత కుటుంబానికి వరసగా మూడుసార్లు చీటీ రాలేదు. మినిట్స్‌లో కారణం "ఆరాధనకు హాజరు తక్కువ". ఆ ఇంటాయన మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పనివాడు. ఆదివారం పొద్దున్న ఊరు ఊడ్చేది ఆయనే. పెద్దల ఇళ్ల ముందు కూడా. ఆయన రాలేకపోవడం రిజిస్టరుకి తెలుసు, ఎందుకు రాలేదో వీధి మొత్తానికీ తెలుసు. చీటీ ఇవ్వకపోవడానికి అసలు కారణం ఏమిటో కూడా తెలుసు. కులం అన్న మాట మా మినిట్స్‌లో యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా లేదు. ఆ కుటుంబం వెళ్లిపోయింది. ఆ ఏడాదే చీటీల పద్ధతి తీసేశారు, "కాలానుగుణముగా".

ఈ పేరా చదివి కమిటీలో పెద్దాయన ఒకరు, మా నాన్న స్నేహితుడు, నన్ను పక్కకి పిలిచారు. "రాసింది నిజమేనమ్మా. నేనున్నాను ఆ రోజు. కానీ ఇప్పుడవన్నీ తవ్వడం ఎందుకు? వాళ్ల పిల్లలు చదివితే బాధపడరూ?" అన్నారు. వాళ్ల పిల్లలకి తెలియని సంగతి కాదు బాబాయ్, తెలియనిది మన పిల్లలకే అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. కాదనలేదు, అచ్చుకీ ఒప్పుకోలేదు.

ఇంకో అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. రోజులు బాగాలేవు, మన లోపలి మాట బయటపెడితే గిట్టనివాళ్లకి రాయి అందించినట్టే అని. ఆ భయం నాకూ ఉంది. కానీ చర్చి ఆస్తుల తగాదాలు మన కోర్టుల్లో ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో గిట్టనివాళ్లకి తెలియదా? దావాల్లో వేసుకోవచ్చు గానీ సావనీరులో రాసుకోకూడదా? పైగా మనం రోజూ చదివే పుస్తకమే ఏదీ దాచలేదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తియ్యండి. గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు, తమ విధవరాండ్రకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని. మొదటి సంఘంలో మొదటి గొడవల్లో ఒకటి తిండి పంపకం మీద, అదీ ఆడవాళ్ల వాటా మీద. పదిహేనో అధ్యాయంలో పౌలూ బర్నబా మార్కు విషయంలో తగువు పడి చెరో దారిన పోయారు. ఆ పుస్తకం రాసిన లూకా ఎవరి కమిటీకి చూపించి రాశాడు?

బతికున్నవాళ్ల పేర్లు వెయ్యొద్దంటే ఒప్పుకుంటాను, నేను రాసిన పదిహేడు పేజీల్లో ఒక్క పేరూ లేదు. తప్పు ఎవరిదో తీర్పు చెప్పొద్దన్నా సరే. రెండు పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు పక్కపక్కన పెట్టమంటున్నాను, అంతే. లెక్కల్లో దీన్ని రీకన్సిలియేషన్ అంటాం. బ్యాంకు పుస్తకం ఒకటి చెప్తుంది, మన పుస్తకం ఒకటి చెప్తుంది, తేడా ఎక్కడొచ్చిందో రాసి కింద సంతకం పెడతాం. తేడా ఉన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. దాచినందుకు పోతుంది.

సావనీరు సంగతి అయిపోయింది. ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టాను. ఒక ఫైల్లో మూడు గళ్లు గీశాను. మొదటి దాంట్లో మినిట్స్ మాట, రెండో దాంట్లో నోటు బుక్కు మాట. మూడోది ఖాళీ, గుర్తున్నవాళ్లు నింపడానికి. మొన్న ఆదివారం మా మేనత్తకి ఫోన్లో చూపించాను. ఎనభై నాలుగేళ్లు, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, తెర మీద రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివింది. గోడ గురించి ఏమీ అనలేదు. హార్మోనియం దగ్గర కాస్త ఆగింది. సమ్మె విరిచాక మొదటి శనివారం ఎంట్రీ చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"పదకొండు కిలోలేమిటే? పదమూడు. కొలిచింది నేను."

"నువ్వే రాశావత్తా, పదకొండని."

"రాసేటప్పుడు దీపం లేదు."

రెండో గడిలో పదకొండు అలాగే ఉంచి, మూడో గడిలో పదమూడు వేశాను.